వరసలు కలిపే బస్సు

కండక్టర్ ఉద్యోగానికి ఏమేం కావాలని ఈ మధ్య మా వీధిలో ఒక అమ్మాయి అడిగింది. చదువు, లైసెన్సు, గట్టి కాళ్ళు అని చెప్పి పంపేశాను. ఆ పిల్ల సందు మలుపు తిరిగాక గానీ అసలుది గుర్తు రాలేదు. నోరు కావాలి. అవతలివాళ్ళు విసుక్కున్నా సరే, ఎవరు, ఎక్కడికి, ఎందుకు అని అడిగే నోరు. వెనక్కి పిలిచి చెబుదామంటే అప్పటికే వెళ్ళిపోయింది. అందుకని ఇలా రాస్తున్నాను.

నేను పుట్టింది మైదానంలో. ఉద్యోగం చేసింది మాత్రం పెదబయలు నుంచి పాడేరు మీదుగా విశాఖపట్నం దిగే బస్సులో. మొదటిరోజు ఘాట్ ఎక్కేటప్పుడు నాకు కడుపులో తిప్పి, టికెట్లు మానేసి కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చున్నాను. ప్రయాణికులే ఒకరి డబ్బులు ఒకరు పోగుచేసి నా ఒళ్ళో పోశారు. లెక్క సరిపోయింది. ఆ రోజు నుంచి వాళ్ళ మీద నాకు గౌరవం, నా మీద వాళ్ళకి జాలి.

మా బస్సుకి ఒక అలవాటు ఉండేది. కొత్త మనిషి ఎక్కితే రెండు మలుపులు తిరిగేలోపు వరస కలిపేసేవారు. కొండ మీద ప్రతి కుటుంబానికీ ఒక వంశం ఉంటుంది. పులి, చేప, పాము, గద్ద, సూర్యుడు, ఇలా. ఒకే వంశంవాళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కింద లెక్క, ఎన్ని ఊళ్ళ దూరంలో ఉన్నా సరే. వాళ్ళలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోరు. కాబట్టి ఎవరినైనా ముందు అడిగేది వంశమే. అది తెలిస్తే మనిషి బావా, తమ్ముడా, వియ్యంకుడా అన్నది తేలిపోతుంది. ఆ తేల్చే పనికి మా బస్సులో ఒక పెద్దదిక్కు ఉండేది. అందరూ మామ్మ అని పిలిచేవాళ్ళం. పసుపూ అల్లం బుట్టలో పెట్టుకుని కిందికి వెళ్ళి అమ్ముకుని వచ్చేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నన్ను కూడా వదల్లేదు. మీకు వంశాలుండవా అని అడిగి, లేవంటే జాలిపడి, తనే నన్ను తన కోడలిది అయిన చేప వంశంలో కలిపేసింది. అప్పటినుంచి నేను ఆవిడకి కోడలి చెల్లెల్ని.

మనుషుల్ని ఎత్తుకుపోయి అమ్మేవాళ్ళ గురించి ఒకసారి మా డిపోలో తరగతి పెట్టారు. ఎత్తుకుపోవడం అంటే సంచిలో వేసుకుపోవడం కాదని, ఎక్కువగా ఉద్యోగమనో పెళ్ళనో చెప్పి బస్సులో పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకుపోతారని చెప్పారు. అమ్మాయి మాట్లాడకపోవడం, భయంగా ఉండడం, పక్కనున్నవాడే అన్నిటికీ జవాబు చెప్పడం, ఇవి గుర్తులు అన్నారు. నేను ముందు వరసలో కూర్చుని తల ఊపుతూ విన్నాను. మర్నాడే నాకొక కేసు దొరికింది. ఒక అమ్మాయి ఏడుస్తోంది, నోరు విప్పడం లేదు, పక్కన మీసాలాయన అన్నిటికీ తనే జవాబు. ఇంకేం, ఘాట్ దిగగానే బస్సు ఆపించి పోలీసుల్ని పిలిపించాను. తీరా చూస్తే ఆ పిల్లకి పన్ను నొప్పి. దవడ వాచిపోయి నోరు తెరవలేకపోతోంది. ఆ మీసాలాయన సొంత అన్న, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు. ఆయన నన్ను తిట్టిన తిట్లలో కొన్ని నాకు అప్పటివరకు తెలియనివి. బస్సు ఆలస్యమైనందుకు మెమో వచ్చింది. డిపోలో నా పేరు పన్ను కేసు అయిపోయింది. మా డ్రైవర్ అన్నయ్యైతే నేను విజిల్ వేసినప్పుడల్లా, “ఏటి సెల్లమ్మా, ఎవులికైనా పన్ను నొప్పా?” అని అడిగేవాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నిజమైన కేసు వచ్చినప్పుడు నా కాళ్ళు వెనక్కి లాగాయి. ఆ రెండో కేసులో పిల్ల ఇప్పుడు బాగుంది, కాలేజీలో చేరింది. ముందే చెప్పేస్తున్నాను, కంగారు లేకుండా చదవండి.

చలికాలం. పొద్దున్నే పొగమంచు. పెదబయలు దాటాక ఒక మలుపు దగ్గర ఇద్దరు ఎక్కారు. ఒక కుర్రాడు, కళ్ళద్దాలు, బస్సంతా నిండే సెంటు వాసన. వెనకాలే ఒక ఆడపిల్ల, మావాళ్ళ మాటలో గుంట, పదహారు పదిహేడేళ్ళుంటాయేమో, కొత్త చెప్పులు, కొత్త చున్నీ. కుర్రాడు రెండు టికెట్లు అడిగాడు, విశాఖపట్నానికి.

“ఆడవాళ్ళకి ఫ్రీ కదా బాబూ, కార్డు చూపిస్తే చాలు” అన్నాను.

“పర్లేదు మేడం, డబ్బులు తీసుకోండి. కార్డు బ్యాగ్‌లో అడుగున ఉంది” అన్నాడు.

ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక మా కొండమీద ఆధార్ కార్డుకి వచ్చినంత మర్యాద ఇంకదేనికీ రాలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తాడు కట్టి, మెడలో వేసుకుని మరీ ఎక్కుతారు. కార్డు మరిచిపోతే వెనక్కి పరిగెత్తి తెచ్చుకునేవాళ్ళని చూశాను గానీ, ఉన్న కార్డు తీయడానికి బద్ధకించి టికెట్ కొన్న మనిషిని చూడలేదు. ఆ పిల్ల వైపు తిరిగి, “నీ కార్డు నీ దగ్గర లేదా అమ్మా?” అన్నాను. ఆ పిల్ల వాడి ముఖం చూసింది. “నా దగ్గరే ఉంచాను మేడం, పోతుందని” అన్నాడు వాడు.

తరగతిలో చెప్పిన గుర్తులు మెదిలాయి. వెంటనే పన్ను కూడా గుర్తొచ్చింది. టికెట్లు కొట్టి ఇచ్చేసి ముందుకి వచ్చేశాను. పాడేరు వచ్చింది, పోయింది. అక్కడ పోలీస్ స్టేషన్ ముందు నుంచే వెళ్ళాం. దిగి చెప్పాలా వద్దా అని తేల్చుకునేలోపు అన్నయ్య బస్సు తీసేశాడు. ఆయన పక్కన నిలబడి విషయం చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. “ఆ గుంట పాడేరులో టీ తాగడానికి కూడా దిగనేదు సూసావా? ఆడు దిగనివ్వనేదు. మామ్మని పంపు” అన్నాడు.

మామ్మని పంపనక్కర్లేకపోయింది. నేను తిరిగి చూసేసరికి ఆవిడ బుట్ట పట్టుకుని వెళ్ళి ఆ పిల్ల ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని ఉంది.

“ఎవులి గుంటవే? ఏ వంశం?”

“పులి” అంది ఆ పిల్ల మెల్లిగా.

“ఓలమ్మో, అయితే నా మనవడికి వరసే! ఎక్కడికెల్తన్నావు?”

జవాబు కుర్రాడు చెప్పాడు. “మాకు పెళ్ళి కుదిరిందండి. మావాళ్ళకి చూపించడానికి తీసుకెళ్తున్నాను. వాళ్ళమ్మగారికి తెలుసు.”

“నిన్నడగనేదు బాబూ, గుంటనడిగినాను” అని మామ్మ మళ్ళీ ఆ పిల్ల వైపే తిరిగింది. “అత్తోరి ఊరేటే? మావయ్య ఏటి సేత్తాడు? ఎంతమంది ఆడపడుచులు? గేదెలున్నాయా?”

ఆ పిల్లకి ఒక్కటీ తెలియదు. తలొంచుకుని కొత్త చెప్పుల వైపు చూస్తోంది. పక్క సీట్లలోవాళ్ళు కూడా తలలు ఇటు తిప్పారు. ఒకామె ఊరి పేరు అడిగితే ఇంకొకామె పెళ్ళి ఎప్పుడని అడిగింది. మూడో ఆమె పిలవకపోతే ఊరుకోనంది. వీళ్ళెవరూ తరగతికి రాలేదు, వీళ్ళకి గుర్తులూ తెలియవు. రోజూ చేసే పనే చేస్తున్నారు. కుర్రాడు ఫోన్ తీసి సిగ్నల్ కోసం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

అంతలో ఘాట్ మధ్యలో అమ్మవారి పాదాల గుడి వచ్చింది. ఘాట్ దిగే ఏ బస్సైనా అక్కడ ఆగవలసిందే. అన్నయ్య కొబ్బరికాయ కొట్టడానికి దిగాడు. అక్కడ ఫోన్ సిగ్నల్ అందుతుంది. నేను ఒక పక్కకి వెళ్ళి, బస్సులో అతికించి ఉన్న హెల్ప్‌లైన్ నంబరుకి ఫోన్ చేశాను. ఇది మళ్ళీ పన్ను కేసైతే ఏం చేయాలి అని లోపల భయం ఉంది. అవతల మాట్లాడినామె నన్ను నిలదీయలేదు. చూసింది చెప్పండి చాలు, నిజమా కాదా తేల్చడం మా పని అంది. ఆ మాట నాకు పన్ను కేసుకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఘాట్ కింద స్టేషన్ దగ్గర పోలీసులు సిద్ధంగా ఉంటారని చెప్పి పెట్టేసింది.

నేను బస్సెక్కేసరికి లోపల గోలగా ఉంది. కుర్రాడు ఫోన్ స్పీకర్లో పెట్టి మామ్మ ముఖం ముందు పట్టుకున్నాడు. “నమ్మకపోతే వాళ్ళమ్మగారితోనే మాట్లాడండి, నాకెందుకు ఈ నస!”

ఫోన్లో ఒకావిడ గొంతు చాలా తియ్యగా వచ్చింది. “అవునండీ, నేనే పంపించాను. మా అమ్మాయి జాగ్రత్తండీ.”

నా ప్రాణం ఉసూరుమంది. తల్లే చెబుతుంటే ఇంకేం చేస్తాం? మామ్మ మాత్రం ఫోన్ దగ్గరికి జరిగి, కొత్త వియ్యపురాలిని పలకరించినట్టు పలకరించింది. ముందు తమ కొండభాషలో ఏదో అడిగింది. అవతల ఆవిడ సరిగ్గా వినపడటం లేదంది.

“పోన్లే అమ్మా, తెలుగులోనే సెప్పు. నీ మొగుడిది పులి వంశం కదా. మరి నీ పుట్టింటోలది ఏ వంశం?”

ఆవిడ ధైర్యంగా చెప్పింది. “మాదీ అదేనండీ. పులే.”

బస్సు ఒక్కసారి గొల్లుమంది. కిటికీ అద్దాలు అదిరాయంటే నమ్మండి. “ఓలమ్మో, అన్నని సేసుకుందట!” అని ఒకామె నోటి మీద చెయ్యి వేసుకుంది. కొబ్బరి చిప్ప పట్టుకుని ఎక్కుతున్న అన్నయ్య సంగతి తెలియకుండానే నవ్వాడు. ఫోన్ కట్టయిపోయింది. అందరికంటే ముందు నవ్వింది ఎవరో తెలుసా? ఆ పిల్ల. ఆపుకోలేక నవ్వేసింది. నవ్వి, వెంటనే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

“మీయమ్మది ఏ వంశమే?” అంది మామ్మ.

“చేప.”

“మీయమ్మకి తెలుసేటి, నువ్విలా ఎల్తన్నావని?”

“నేదు. కాపీ తోటకెల్లింది.”

కుర్రాడు లేచి, వాంతి వస్తోందంటూ అందరినీ తోసుకుని దిగిపోయాడు. దిగినవాడు దిగినట్టే రోడ్డు పట్టుకుని పరుగు. మేమెవరమూ వాడి వెనక పరిగెత్తలేదు. మీరు కూడా పరిగెత్తకండి, అలాంటివాళ్ళ దగ్గర ఏముంటుందో తెలియదు. అయినా ఘాట్ రోడ్డు మీద బస్సు నుంచి పారిపోవాలంటే పైకి పరిగెత్తాలి. వాడు కిందికి పరిగెత్తాడు. అన్నయ్య తాపీగా అమ్మవారికి దండం పెట్టుకుని, సీట్లో కూర్చుని, బస్సు తీశాడు. మొదటి మలుపు తిరిగితే వాడు మా ముందే రొప్పుతూ పరిగెత్తుతున్నాడు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి, “ఓ బావా, ఎక్కీ! టికెట్టు కొన్నావు కదా!” అని కేకలు.

వాడు చిరాకుపడి రోడ్డు వదిలి అడ్డదారిన తుప్పల్లో దూకాడు. “అయ్యో, అటు కాదురా!” అని మామ్మ నిజంగానే అరిచింది. అది దురదగొండి పొద. చలికాలంలో కాయలు ఎండి నూగంతా రాలుతూ ఉంటుంది. కొండవాళ్ళు ఆ దరిదాపులకి కూడా పోరు. రెండు మలుపులు దిగేసరికి వాడు మళ్ళీ రోడ్డు మీద ఉన్నాడు. ఈసారి పారిపోవడం లేదు. రెండు చేతులతో ఒళ్ళంతా గోక్కుంటూ గెంతుతూ, బస్సుకి తనే చెయ్యి ఎత్తాడు.

అన్నయ్య ఆపాడు గానీ సీట్లో కూర్చోనివ్వలేదు. “సీటుకంటుకుంటాది, మెట్టు మీదే నిలబడు” అన్నాడు. పేడ రాస్తే తగ్గుతుందని మామ్మ సలహా ఇచ్చింది. దారిలో పేడ కనబడినప్పుడల్లా బస్సు ఆపమంటావా అని వాణ్ణి ఆప్యాయంగా అడిగింది. ఇద్దరు బలమైన మగవాళ్ళు తువ్వాళ్ళు చేతికి చుట్టుకుని చెరో పక్కా పట్టుకున్నారు. ఎక్కడైనా నీళ్ళున్న చోటికి తీసుకుపోండని వాడు ఏడిస్తే, పోలీస్ స్టేషన్లో పంపు ఉంది అన్నాను నేను. “అక్కడికే పోనివ్వండి మేడం, బేగి పోనివ్వండి” అన్నాడు. నా సర్వీసులో ఎవరైనా పోలీస్ స్టేషన్‌కి తొందరపెట్టడం అదొక్కసారే చూశాను.

ఇంతలో ఒక షావుకారు, పెదబయలులో కిరాణా కొట్టు ఆయన, ఫోన్ తీసి ఆ పిల్ల ఏడుపు వీడియో తీయబోయాడు. మామ్మ తన పైట చెంగు లాగి ఆ పిల్ల తల మీద కప్పేసింది. నేను ఆయన ఫోన్‌కి నా టికెట్ మిషన్ అడ్డం పెట్టాను. “ఈ పిల్ల ముఖం గ్రూపుల్లో తిరిగితే రేపు ఊళ్ళో ఎలా తలెత్తుకుంటుంది? అంత సరదాగా ఉంటే వాడి ముఖం తీసి పోలీసులకివ్వండి” అన్నాను. ఆయన ముందు ముఖం చిట్లించాడు. తర్వాత అలాగే చేశాడు. స్టేషన్లో సాక్షిగా సంతకం కూడా పెట్టాడు, కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం ఉన్నా సరే.

నేను అనుకున్నట్టు ఆ పిల్ల మాకు దండం పెట్టలేదు. స్టేషన్ ముందు దిగేటప్పుడు నన్ను కోపంగా చూసింది. “నాకు పట్నంలో బట్టల కొట్లో పని ఇప్పిస్తానన్నాడు. మీరంతా కలిసి పోగొట్టినారు” అంది. నాకు బాధ కలిగింది. పని కావాలనుకోవడం తప్పేమీ కాదు. పది పాసై ఇంట్లో కూర్చున్న పిల్ల ఫోన్లో మంచిమాట విని నమ్మింది. లోపల మహిళా ఎస్సై ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, ముందు టీ ఇప్పించి, అడగవలసినవి మెల్లిగా అడిగింది. వాడి ఫోన్‌లోంచి దొరికిన దారి పట్టుకుని తర్వాత ఇంకో ఇద్దరమ్మాయిల్ని దూరపు ఊరి నుంచి వెనక్కి తెచ్చారు. వాళ్ళు వెళ్ళింది బట్టల కొట్టుకి కాదు. ఈ మాట ఆ పిల్లకి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు.

అసలు సంగతి ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. పేపర్లో కూడా ఇంతవరకే రాశారు.

కొన్ని వారాలు ఆ పిల్లని విశాఖపట్నంలో ఆడపిల్లల హోమ్‌లో ఉంచారు. పనులన్నీ అయ్యాక తల్లి వెళ్ళి తీసుకొస్తోంది. మధ్యాహ్నం బస్సు, మా బస్సే. సన్నటి మనిషి ఆ తల్లి, కాఫీ పళ్ళు కోసి కోసి వేళ్ళు నల్లబడ్డాయి. ఇద్దరూ వెనక సీట్లో మూలకి కూర్చున్నారు. నేను ఆడవాళ్ళకిచ్చే డబ్బుల్లేని జీరో టికెట్లు ఇస్తుంటే ఈసారి ఆ పిల్లే తన కార్డు తీసి చూపించింది. తల్లి నా చెయ్యి పట్టుకుంది.

“కండక్టరమ్మా, మమ్మల్ని మా ఊరు దాటినాక వాగు కాడ దింపీ. సీకటి పడ్డాక తోటల ఎంబడి ఎల్లిపోతాం.”

“ఎందుకమ్మా?”

“ఊళ్ళో ఏటేటో అంటన్నారు. గుంట పారిపోయిందంటన్నారు. ఇంటికి రానివ్వకూడదని కూడా అన్నోలున్నారు.”

ఆ పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది. ఘాట్ మీద దురదగొండిలో పడ్డవాణ్ణి తలుచుకుని అన్నాళ్ళూ నవ్వుకున్న నాకు ఆ రోజు చాలా సిగ్గేసింది. మేం ఆ పిల్లని బస్సు నుంచి దించాం గానీ, ఇల్లు చేర్చలేదు.

చోడవరంలో మామ్మ ఖాళీ బుట్టతో ఎక్కింది. సంగతి ఆవిడ చెవిలో వేశాను. వెనక సీట్లోకి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది. నేను చెవులు మూసుకోవడానికి సిద్ధపడ్డాను, ఇప్పుడు ఎన్ని ప్రశ్నలు వేస్తుందోనని. ఒక్కటీ వేయలేదు. ఘాట్ మొత్తం ఎక్కేదాకా ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. ఎక్కడున్నావని గానీ, ఏమైందని గానీ. సీట్లు సర్దుకున్నారు, జంతికలు పంచుకున్నారు, వానల గురించి మాట్లాడుకున్నారు. ఒక్క ప్రశ్నా వినపడని మా బస్సుని నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఊరు దగ్గరపడింది. నేను తల్లి చెప్పినట్టు ఊరు దాటించి వాగు దగ్గర ఆపిద్దామని విజిల్ వేయకుండా ఉన్నాను. మామ్మ కూర్చున్న చోటి నుంచే అరిచింది.

“ఒరే బాబూ, ఊరి మొదట్లోనే ఆపు! పట్టపగలే దిగుతాం.”

అన్నయ్య ఆపాడు. ముందు మామ్మ దిగింది. తర్వాత ఆ పిల్ల, తల్లి. ఆ వెనకాల, ఆ ఊళ్ళో పనే లేని ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి దిగారు. పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్ళూ దిగారు. సరుకులతో తిరిగి వెళ్తున్న షావుకారు తన మూటలు సీట్లో వదిలేసి దిగి, ఆ పిల్ల సంచి అందుకున్నాడు. అన్నయ్య ఇంజిన్ ఆపేసి, ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుని, “పద సెల్లమ్మా” అన్నాడు. నేను నగదు సంచి భుజాన వేసుకుని నడిచాను.

ఊళ్ళోకి ఊరేగింపులా వెళ్ళాం. అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. ఒక పెద్దాయన ఏదో అడగడానికి నోరు తెరిచాడు. మామ్మ ఆయన్ని అందుకోనివ్వలేదు.

“మా మనవరాలు. పట్నం ఎల్లొచ్చింది. అలా సూత్తారేటి, ఇంతమంది సుట్టాలొచ్చినాం, నీళ్ళియ్యరా?”

ఒక ఇంట్లోంచి ఒకామె చెంబు తెచ్చింది. ఆ వెంటనే ఇంకొక ఇంట్లోంచి బిందె వచ్చింది. ఆ చెంబు మామ్మ అందుకుని ముందు ఆ పిల్లకే ఇచ్చింది. ఆ పిల్ల తాగి, మూతి తుడుచుకుని, తల్లి ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. వెళ్ళిన మనిషి చాపలు పట్టుకుని మళ్ళీ బయటికొచ్చింది, మా అందరికీ వేయడానికి.

బస్సు పెదబయలు చేరేసరికి బాగా ఆలస్యమైంది. డిపో నుంచి ఫోన్ చేసి, ఎందుకింత లేటని గట్టిగా అడిగారు. మళ్ళీ మెమో ఖాయమని తెలుసు. చుట్టాలింటికి వెళ్ళామని చెప్పాను.